బిడ్డ కడుపునొప్పియు, కాళ్లమీది ఎఱ్ఱమచ్చలును

పల్లెలలో పిల్లలకు కడుపునొప్పి వచ్చుట వింత కాదు. పచ్చి మామిడికాయలు తినినను, ముంజెలు మితిమీరి తినినను, కడుపులో పురుగులున్నను నొప్పి వచ్చును. ఇంటిలోని పెద్దవారు వాము నమలింతురు, బొడ్డుచుట్టు ఇంగువ పట్టు వేయుదురు. మాపటివేళకు బిడ్డ మరల ఆటలో పడును. చాల పర్యాయములు ఇట్లే జరుగును గనుక కడుపునొప్పియనిన మనకు భయము పోయినది. కాని అదే నొప్పి కాళ్లమీద ఎఱ్ఱని మచ్చలతో కూడి వచ్చినప్పుడు దానిని వేరుగా చూడవలెను. అట్టి నొప్పి పొందిన బిడ్డలలో ఎక్కువమంది మందులతోను, విశ్రాంతితోను కోలుకొందురు. కొలదిమందికి మాత్రము ప్రేగులు చిక్కుపడి శస్త్రచికిత్స అవసరమగును. ఆ కొలదిమంది విషయమున ఒక రాత్రి ఆలస్యమైనను ప్రాణమునకు ముప్పు రావచ్చును. పంచాయతీ సభ్యులు వైద్యులు కానక్కరలేదు. అయినను గ్రామమున ఎవరి బిడ్డకు జబ్బు చేసినను మొదట కబురు వచ్చునది వారికే. బండి కావలెనన్నను, పడవ కావలెనన్నను, చేబదులు కావలెనన్నను వారినే అడుగుదురు. కావున ఈ జబ్బును గూర్చి వారు కొంత తెలిసికొనియుండుట మేలు.

మన శరీరమున రక్తము పెద్ద నాళములనుండి చిన్న నాళములకును, వానినుండి వెండ్రుకకన్న సన్నని నాళములకును పారుచుండును. గోదావరి నీరు ధవళేశ్వరమువద్ద ప్రధాన కాలువలలోనికి దిగి, అచ్చటనుండి పంటకాలువలకు, బోదెలకు చేరి తుదకు మడి తడుపుట మీ కందరకు తెలిసినదే. బోదె గట్టు నానిపోయి మెత్తబడినచో గండి పడకుండగనే నీరు ఊటగా బయటికి వచ్చి చేను చిత్తడి యగును. ఈ జబ్బునందు జరుగునదియు అట్టిదే. సన్నని రక్తనాళముల గోడలు వాచి, మెత్తబడి, వానినుండి రక్తమును, నీరును చుట్టుప్రక్కలకు ఊరును. చర్మములో ఊరినచో మచ్చలుగా కనబడును. కీళ్లలో ఊరినచో మోకాళ్లు, చీలమండలు వాచును. ప్రేగుగోడలో ఊరినచో కడుపునొప్పి పుట్టును. మూత్రపిండములలో ఊరినచో మూత్రమున నెత్తురు పోవును. చూచువారికి నాలుగు జబ్బులుగా తోచును గాని మూల మొక్కటే.

ఇది ఎందువలన వచ్చునో శాస్త్రజ్ఞులకు పూర్తిగా తెలియలేదు. తెలిసినంతవరకు చెప్పుదము. జలుబు, గొంతునొప్పి వచ్చి తగ్గిన తరువాత ఒకటి రెండు వారములలో ఈ జబ్బు పొడచూపుట తరచు. గొంతులోను, ప్రేగులలోను క్రిములతో పోరాడుటకు మన రక్తము తయారు చేయు రక్షకపదార్థములలో ఐజీఏ యను నది యొకటి. ఈ బిడ్డలలో ఆ పదార్థము సరియైన రూపమున ఏర్పడక, గుంపులు గుంపులుగా చేరి సన్నని నాళముల గోడలలో పేరుకొనును. పేరుకొన్నచోట వాపు పుట్టును. రక్షించుటకు పుట్టినదే హాని చేయుట యిచ్చటి విచిత్రము. ఇది అంటువ్యాధి కాదు. ఒక బిడ్డనుండి మరియొక బిడ్డకు సోకదు. తల్లిదండ్రుల తప్పువలన వచ్చునదియు కాదు. 3 ఏండ్లనుండి 10 ఏండ్లవరకు వయసుగల పిల్లలకు ఎక్కువగా వచ్చును. ఆడపిల్లలకన్న మగపిల్లలలో కొంచెము హెచ్చు. వానలు వెనుకబట్టి చలి ఆరంభమగు దినములలోను, శీతకాలమందును ఎక్కువగా కనబడును. పిల్లలకు వచ్చు రక్తనాళముల వాపు జబ్బులలో ఎక్కువగా కనబడునది ఇదియే.

మచ్చలు ఎట్లుండునో చెప్పవలెను. అవి పిరుదులమీదను, తొడలమీదను, మోకాళ్లకు దిగువను రెండు కాళ్లకును ఇంచుమించు సమానముగా లేచును. మొదట ఎఱ్ఱగాను, తరువాత నేరేడుపండు రంగుగాను మారి, తుదకు గోధుమరంగై మాయును. చేతితో తడవినచో కొంచెము ఉబ్బుగా తగులును. గాజుగ్లాసును మచ్చమీద నొక్కి దానిగుండ చూడవలెను. చెమటకాయలును, దద్దురులును నొక్కినచో తెల్లబడి మాయమగును. ఈ మచ్చలు మాయము కావు. ఏలయన చర్మములోనికి ఊరిన రక్తము నొక్కినంతమాత్రమున వెనుకకు పోదు.

నొక్కినను మాయని మచ్చలు మరికొన్ని జబ్బులలోను కలవు. డెంగ్యూ జ్వరమున ప్లేట్‌లెట్లను రక్తకణములు తగ్గి ఇట్టి మచ్చలు లేచును. రక్తపింజరి కాటువలన రక్తము గడ్డకట్టక చర్మముక్రింద నెత్తురు చేరును. తీవ్రజ్వరముతో, మగతతో, గంటగంటకు మచ్చలు ప్రాకుచున్నచో అది రక్తమున విషక్రిములు చేరిన లక్షణము కావచ్చును. ఆ బిడ్డను నిమిషమైనను ఆపరాదు. మనము చెప్పుకొనుచున్న జబ్బున ప్లేట్‌లెట్ల సంఖ్య తగ్గదు. ఈ భేదమును తేల్చునది రక్తపరీక్షయే గాని గ్రామస్థుల ఊహ కాదు. కావున నొక్కినను మాయని మచ్చ కనబడిన ప్రతి బిడ్డయు ఆ దినమే వైద్యుని చేరవలెను.

ఈ జబ్బునకు పెట్టిన పేరు పలుకుటకు కష్టమైనది. 1802లో ప్రచురింపబడిన తన గ్రంథమున ఇంగ్లండుకు చెందిన విలియం హెబర్డెన్ అను వైద్యుడు కాళ్లపై నెత్తుటి మచ్చలు, కడుపునొప్పి, మలమూత్రములలో రక్తము గల ఒక చిన్న బాలుని సంగతి వ్రాసియుండెను. 1837లో జర్మనీలో షోన్‌లైన్ అను నాతడు మచ్చలకును కీళ్లనొప్పులకును గల సంబంధమును చూపెను. ఆయన శిష్యుడగు హెనాక్ 1874లో కడుపునొప్పియు, నెత్తుటి విరేచనములును అదే జబ్బులోనివని వివరించెను. అందుచే గురుశిష్యుల పేర్లు కలిపి హెనాక్–షోన్‌లైన్ పర్‌ప్యూరా యని పిలిచిరి. 2012లో పండితులు పేరు మార్చి ఐజీఏ వాస్కులైటిస్ అని నిర్ణయించిరి. ఆసుపత్రి చీటీలలో నేటికిని హెచ్.ఎస్.పి. అను మూడక్షరములే తరచు కనబడును. రెండు పేర్లును ఒక్క జబ్బువే యని తెలిసియుండిన చాలును. మొదట ఈ జబ్బును చూచిన హెబర్డెన్ పేరు మాత్రము దేనిలోను నిలువకపోవుట ఒక చిత్రము.

ఇక ప్రేగుల విషయమునకు వత్తము. ఈ జబ్బు వచ్చిన పిల్లలలో సగముమందికి మించి కడుపునొప్పి యుండును. బొడ్డుచుట్టు మెలిపెట్టినట్లు నొప్పి వచ్చి, కొంతసేపు తెరపి యిచ్చి, మరల వచ్చును. అన్నము తినగనే హెచ్చును. ప్రేగుగోడ వాచి అచ్చటచ్చట నెత్తురు గడ్డలు ఏర్పడుటయే దీనికి కారణము. కొందరికి మలముతో నెత్తురు పడును. అది ఎఱ్ఱగా ఉండవచ్చును. పై ప్రేగులనుండి వచ్చినదైనచో తారువలె నల్లగాను ఉండవచ్చును. రక్తహీనతకు ఇనుపమందు మాత్రలు వాడుచున్న పిల్లలకును మలము నల్లబడును గనుక ఆ సంగతి వైద్యునకు చెప్పుట మరువరాదు.

అసలు ప్రమాదము మరియొకటి కలదు. ప్రేగు ఎల్లప్పుడును తనలోని పదార్థమును ముందునకు నెట్టుచుండును. గోడలో ఒకచోట నెత్తురు గడ్డ లేచినచో, ప్రేగు దానినికూడ ఆహారపు ముద్దయని యెంచి ముందునకు నెట్టును. ఆ గడ్డతోపాటు దాని వెనుకనున్న ప్రేగు ముందున్న ప్రేగులోనికి చొచ్చుకొనిపోవును. పొడవుచేతుల చొక్కాను విడుచునపుడు చేయి లోనికి మడతపడి దూరునట్లే యిది. లోనికి దూరిన భాగముతో దానికి రక్తము తెచ్చు నాళములును ఈడ్వబడి నలిగిపోవును. మొదట మలినరక్తము వెనుకకు పోలేక ప్రేగు ఉబ్బును. పిమ్మట మంచి రక్తము రాక ప్రేగు చచ్చును. చచ్చిన ప్రేగు చిల్లుపడినచో అందలి మలినము కడుపంతయు వ్యాపించును. నొప్పి ఆరంభమైనదాదిగా ఈ స్థితి వచ్చుటకు కొందరికి ఒకటి రెండు దినములు పట్టును, కొందరికి కొన్ని గంటలే చాలును. వ్యాధి వచ్చిన నూర్గురు పిల్లలలో ఇద్దరు ముగ్గురికి ఇట్లు ప్రేగు చొచ్చుకొనుట జరుగునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. సంఖ్య చిన్నదే. ఆ ఒక్క బిడ్డ మన గ్రామమునందే యున్నచో ఆ సంఖ్యతో మనకు పని లేదు.

దీనిని గుర్తించుటకు కొన్ని లక్షణములు కలవు. బిడ్డ కాళ్లు పొట్టకు ముడుచుకొని కేకలు పెట్టును. నొప్పి తగ్గినపుడు వాడిపోయి పడియుండును. వాంతులలో మొదట తినినది, తరువాత ఆకుపచ్చని పైత్యము పడును. పొట్ట ఉబ్బును. జిగటతో కలిసిన నెత్తురు విరేచనమగును. పొట్టమీద చేయి వేయనీయడు. పొట్ట చెక్కవలె గట్టిపడినచో ప్రేగు చిల్లుపడినదేమోయని అనుమానింపవలెను. మరొక మాట. అంతవరకు అల్లాడిన బిడ్డ యున్నట్లుండి నొప్పి మాని, చల్లబడి, నాడి వేగము హెచ్చి, ముఖము పాలిపోయినచో గుణమిచ్చినదని సంతోషింపరాదు. చెడు కాలము వచ్చినదని తలచి తరలింపవలెను.

ఏడాది లోపు పసిబిడ్డలకు ఏ మచ్చలును లేకయే ప్రేగు ప్రేగులో చొచ్చుకొనుట కలదు. ఆ పసివారిలో చిన్నప్రేగు పెద్దప్రేగులోనికి దూరును. ఆసనముగుండ గాలినిగాని, ద్రవమునుగాని ఒత్తిడితో పంపి దానిని వెనుకకు నెట్టవచ్చును. చాలమందికి కోత అవసరముండదు. మచ్చల జబ్బున అట్లు కాదు. ఇందు తరచుగా చిన్నప్రేగు చిన్నప్రేగులోనికే దూరును. క్రిందనుండి పంపిన గాలి అంత పైకి చేరజాలదు. అందువలన పసిబిడ్డకు పనిచేసిన ఉపాయము ఏడేండ్ల బిడ్డకు పనిచేయకపోవచ్చును. “పొరుగింటి పాపకు కోయకుండగనే బాగైనది, మా వానికి ఎందుకు కోయవలెను?” అని తల్లిదండ్రులు సంతకమునకు వెనుకాడుదురు. అట్టివేళ వారికి ఈ భేదమును తెలియజెప్పగల పెద్దమనిషి ఒకడు ప్రక్కన ఉన్నచో వైద్యునకు సగము పని తగ్గును.

ఎక్స్‌రేకన్న అల్ట్రాసౌండ్ పరీక్ష దీనికి మేలు. నొప్పి లేదు, కోత లేదు, కిరణముల హానియు లేదు. చొచ్చుకొనిన ప్రేగు ఆ తెరమీద అరటిదవ్వను అడ్డముగా కోసిన బిళ్లవలె, చుట్టులో చుట్టుగా కనబడును. చొచ్చుకొన్నది పొట్టిభాగమై, రక్తప్రసారము చక్కగా ఉన్నచో వైద్యులు వెంటనే కోయక, మందులిచ్చి, కొన్ని గంటలకొకమారు మరల పరీక్షించుచు వేచియుందురు. కొన్ని తమంతట తామే విడిపోవును. విడనిచో, దారి మూసికొనిపోయినచో, ప్రేగు చచ్చినట్లు గాని చిల్లుపడినట్లు గాని తోచినచో, నెత్తురు ఆగకుండ పోవుచున్నచో శస్త్రచికిత్స తప్పదు.

మత్తుమందిచ్చి పొట్ట తెరచి, చొచ్చుకొన్న ప్రేగును ముందువైపునుండి మెల్లగా పిండుచు వెనుకకు తీయుదురు. లాగరు, లాగినచో వాచిన ప్రేగు చినుగును. బయటపడిన భాగమును వెచ్చని ఉప్పునీటి గుడ్డలతో కప్పి కొన్ని నిమిషములు చూతురు. రంగు తిరిగి ఎఱ్ఱబడి, నాడి కొట్టి, కదలిక వచ్చినచో దానిని అట్లే లోపల ఉంచి కుట్టుదురు. నల్లగానే ఉండిపోయినచో ఆ ముక్కను కోసి తీసివేసి, మంచి కొసలు రెంటిని కలిపి కుట్టుదురు. కడుపులో చీము వ్యాపించిన బిడ్డకు కొసలను వెంటనే కలుపక, కొన్ని వారములు ప్రేగును పొట్టమీదికి తెరచి యుంచి, పిమ్మట రెండవ శస్త్రచికిత్సలో కలుపుటయు కలదు. ఆ కాలమున బిడ్డను ఇరుగుపొరుగువారు అసహ్యించుకొనకుండ చూచుట గ్రామపెద్దల పని. చిన్నప్రేగు పొడవు చాల ఎక్కువ గనుక కొంత ముక్క తీసివేసినను బిడ్డ మునుపటివలె తిని పెరుగును. సకాలమున వచ్చిన బిడ్డకు తరచు కోయవలసిన ముక్కయే యుండదు. ఆలస్యముగా వచ్చిన బిడ్డకే ఉండును.

ఇందొక చిక్కు కలదు. మచ్చలు ముందు వచ్చి నొప్పి తరువాత వచ్చినచో గుర్తించుట తేలిక. కాని కొందరు పిల్లలలో నొప్పి ముందు వచ్చి, కొన్ని దినములకు, ఒక్కొక్కప్పుడు రెండు వారములకు గాని మచ్చలు లేవవు. అప్పుడు అపెండిసైటిస్ అని భ్రమించి అనవసరముగా పొట్ట కోసిన సందర్భములు ఇతర దేశములలోను పెక్కు వ్రాయబడియున్నవి. కడుపునొప్పితో వచ్చిన బిడ్డను బట్టలు విప్పి పిరుదులు, కాళ్లు చూడని పరీక్ష పరీక్ష కాదు. వారముక్రింద మచ్చలు లేచి మాసిపోయినవన్నను, మోకాలు వాచి తగ్గినదన్నను ఆ మాట తల్లి వైద్యునకు తప్పక చెప్పవలెను. “అది వేరే సంగతి” యని విడుచుట తగదు.

మందుల విషయమున రెండు మాటలు. ప్రేగునొప్పి హెచ్చుగానున్న పిల్లలకు వైద్యులు స్టెరాయిడ్ మందు ఇత్తురు. అది వాపును తగ్గించి నొప్పిని త్వరగా అణచును. అయినను మూత్రపిండములను ముందుగా కాపాడు శక్తి దానికి లేదని పరిశోధనలు తేల్చినవి. అంతేగాక, లోపల ప్రేగు చిల్లుపడినను పైకి తెలియకుండ కప్పిపుచ్చు గుణము దానికి కలదు. కావున ఆసుపత్రిలో ఈయవలసిన ఆ మందును ఊరిలో పరీక్షలు లేకుండ సూదిగా పొడిపించుకొనుట ప్రమాదము. కీళ్లనొప్పికని తెచ్చు డైక్లోఫెనాక్ వంటి మాత్రలు నెత్తురు పోవుచున్న ప్రేగునకును, దెబ్బతినిన మూత్రపిండములకును కీడు చేయును.

మన ప్రాంతమున బిడ్డ ఒంటిమీద ఎఱ్ఱగా ఏది లేచినను అమ్మవారు పోసినదనుట అలవాటు. వేపమండలు కట్టి, ఆసుపత్రికి పోరాదని కట్టడి చేయుదురు. ఆటలమ్మ పొక్కులలో నీరుండును, అవి ముఖమునకును వీపునకును వచ్చును. ఈ మచ్చలలో నీరుండుట అరుదు, ఇవి కాళ్లను పట్టియుండును. భక్తిని కాదనవలసిన పని లేదు. మ్రొక్కుకొనియే ఆసుపత్రికి పోవచ్చును. కడుపునొప్పికి ఆముదము పట్టుట మరియొక ఆచారము. దారి మూసికొనిన ప్రేగును విరేచనపు మందుతో తరిమినచో లోనికి దూరిన భాగము మరింత దూరును, చిల్లు త్వరగా పడును. బొడ్డుచుట్టు వాతలు పెట్టుట, పొట్ట గట్టిగా తోముట కూడ ఇట్టివే. ఆకుపచ్చని వాంతి యగుచున్న బిడ్డకు ఆసుపత్రి చేరువరకు నోటిద్వారా ఏమియు ఈయకుండుట మంచిది. శస్త్రచికిత్సకు మత్తు ఈయవలసి వచ్చినచో ఖాళీకడుపు క్షేమము. సూదిద్వారా నరమున ఎక్కించు ద్రవము దాహమును తీర్చును.

ఎక్కడికి పోవలెనను ప్రశ్నకు ముందే జవాబు సిద్ధము చేసికొనవలెను. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున ద్రవము ఎక్కించి పంపగలరు గాని బిడ్డ ప్రేగును కోయజాలరు. 1958లో స్థాపితమైన రంగరాయ వైద్యకళాశాలకు అనుబంధమైన కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రి గోదావరి ప్రాంతమున పాతకాలపు పెద్ద ఆసుపత్రి. రాజమహేంద్రవరమునను, ఏలూరునను 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైనవి. అంతకు మించిన అవసరమునకు విశాఖపట్నము కింగ్ జార్జి ఆసుపత్రి కలదు. 2005లో ఆరంభమైన 108 వాహనము పిలిచినచో వచ్చును. పిలుచునపుడు “కడుపునొప్పి” యని మాత్రము చెప్పక, “కాళ్లపై మచ్చలున్నవి, పచ్చవాంతులు, నెత్తురు విరేచనము” అని చెప్పవలెను. ఖర్చు విషయమున, 2007లో ఆరోగ్యశ్రీ పేర ఆరంభమై నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేర నడచుచున్న పథకము కలదు. పథకమున చేరిన ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రయను ఉద్యోగి యుండును. కార్డును, బిడ్డ ఆధారును చూపి మొదట అతనిని కలిసికొనవలెను. ఆ కాగితములు వెదకుటలో గంటలు గడపుట మనము తరచు చూచునదే. వానిని ప్రతి యింటను ఒకచోట నుంచుడని గ్రామసభలో చెప్పుట తేలికపని.

లంకగ్రామముల సంగతి వేరు. మెరకసీమలో అర్ధగంట ప్రయాణము లంకలో అర్ధరాత్రి దాటు అగును. 2002లో యానాము–ఎదుర్లంక వంతెన తెరచిన తరువాత కోనసీమనుండి కాకినాడకు దారి దగ్గరైనది. ఏటిగట్టునకు లోపలనున్న లంకలకు ఆ వంతెన ఉపకరించుటకు ముందు ఒక పాయ దాటియే తీరవలెను. 1986 ఆగస్టులోను, 2022 జులైలోను వచ్చిన వరదలలో అట్టి గ్రామములకు రాకపోకలు స్తంభించినవి. వరదహెచ్చరిక వచ్చినపుడు గర్భిణుల పట్టిక వ్రాయుట ఇప్పుడు అలవాటైనది. ఆ పట్టికలో మచ్చల జబ్బుతో మందు వాడుచున్న బిడ్డలను కూడ చేర్చి, కడుపునొప్పి యున్నవారిని నీరు పెరుగకముందే గట్టుమీదికి తరలింపవలెను. రాత్రివేళ పిలిచినచో పలుకు నావికుని పేరు, ఫోను సంఖ్య పంచాయతీ గోడమీద వ్రాసియుంచుట నాకు తెలిసినంతలో ఏ పరికరముకన్నను ఎక్కువ ఫలమిచ్చు ఏర్పాటు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘమునకు ఏటేట వచ్చు నిధిలో అట్టి రాత్రిప్రయాణమునకు కొంత కేటాయింపవచ్చును.

బిడ్డ ఇంటికి తిరిగి వచ్చిన తరువాత పని ముగియలేదు. మచ్చలును, నొప్పియు సాధారణముగా నాలుగారు వారములలో పోవును. మువ్వురిలో ఒకరికి జబ్బు మరల తిరుగబెట్టును, అదియు ఎక్కువగా మొదటి నాలుగు నెలలలోపుననే. మూత్రపిండములకు తగులు దెబ్బ మాత్రము నొప్పి లేకుండ, వాపు లేకుండ, మెల్లగా వచ్చును. బిడ్డ ఆడుచు పాడుచు ఉండగనే మూత్రమున నెత్తురును, మాంసకృత్తులును పోవుచుండవచ్చును. ప్రేగు జబ్బునకు భయపడినవారు దీనికి భయపడరు. కుట్లు మానగనే ఆసుపత్రి మాట మరతురు. కొలదిమందికే యైనను ఏండ్ల తరువాత మూత్రపిండములు చెడుటకు ఈ మరుపే కారణమగును. మూత్రములో పుల్ల ముంచి రంగు చూచు పరీక్ష సులభమైనది, చౌకయైనది. ఆరోగ్య ఉపకేంద్రమున నర్సు చేయగలదు. మొదటి నెలలో వారమునకొకమారు, పిమ్మట నెలకొకమారు, ఆరు నెలలవరకు మూత్రమును, రక్తపుపోటును చూడవలెను. ఏ మారైనను మార్పు కనబడినచో పిల్లల వైద్యుని యొద్దకు పంపవలెను.

ఈ తేదీలను తల్లి జ్ఞాపకముంచుకొనునని నమ్ముట సరి కాదు. నాట్లు, కోతలు, కూలిపనులు ఆమె దినములను మింగివేయును. ఆశా కార్యకర్త పుస్తకమున ఆ బిడ్డకొక పుట కేటాయించి, ఆరు నెలల తేదీలను ముందే వ్రాసి, ప్రతినెల సమావేశమున సంఘాధ్యక్షుడు ఆ పుటను తెరిపించి చూడవలెను. ఆరవ నెల పరీక్షయు నిర్దోషముగా వచ్చినచో ఆ పుటమీద అడ్డగీత గీయవచ్చును.